ఏటికెదురీదే పులస, సరస్సులో చిక్కిన సాల్మన్

ఆషాఢం వచ్చి, ఎగువన కురిసిన వానలకు గోదావరి ఎర్రబడగానే కోనసీమ రేవులన్నిటా ఒకే మాట వినబడుతుంది: పులస తగిలిందా? రాజోలు వైపున వశిష్ఠలో, అమలాపురం వైపున వైనతేయలో, కొత్తపేట వైపున గౌతమిలో నాటుపడవలు వలలతో బయలుదేరుతాయి. పుస్తెలమ్ముకొని అయినా పులస తినాలనే సామెత ఈ గోదావరి ఒడ్డుదే. ఒక్క చేప వేల రూపాయలు పలకడం ఇప్పుడు వింత కాదు. అయితే ఈ చేప రుచిని గురించి చెప్పుకొన్నంతగా దాని ప్రయాణాన్ని గురించి మనం చెప్పుకోము. అది ఎక్కడనుండి వస్తుంది? ప్రవాహానికి ఎందుకు ఎదురీదుతుంది? గాలానికి ఎందుకు పడదు? ఏడాది ఏడాదికీ ఎందుకు తగ్గిపోతున్నది?

ఈ ప్రశ్నలకు జవాబులు వెదికేటప్పుడు, భూగోళానికి అవతలివైపున, ఉత్తర అమెరికా కొండసరస్సులలో పెరిగే కొకానీ అనే సాల్మన్ చేపను పక్కన పెట్టుకొని చూస్తే విషయం తేటపడుతుంది. ఈ రెండూ ఒక కుటుంబానికి చెందినవి కావు. కాని రెండిటి కథలోనూ ఒకే చిక్కు ఉన్నది: సముద్రానికీ మంచినీటికీ మధ్య దారి మూసుకొనిపోతే చేప ఏమవుతుంది? రెండుచోట్లా పట్టేవాని నేర్పు కూడా ఒక్కటే. చేప నీటిలో ఏ పొరలో, ఏ దిక్కుగా పోతున్నదో కనిపెట్టి తన సాధనాన్ని సరిగా అక్కడ నిలపాలి.

విలస, పులస ఒక్కటే

సముద్రంలో ఉన్నంతవరకు ఈ చేపను విలస అంటారు. గోదావరి ఎక్కినదాన్ని పులస అంటారు. పేర్లు రెండైనా చేప ఒక్కటే. బెంగాలీలు ఇలిష్ అనీ, సింధు ప్రాంతంవారు పల్లా అనీ, ఇంగ్లీషువారు హిల్సా అనీ పిలిచేది దీనినే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గురించి వ్రాసిన గ్రంథంలో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. నేటి శాస్త్రనామం టెన్యువలోసా ఇలిషా. హెర్రింగు, సార్డీను మొదలైన చేపలకు ఇది చుట్టం. పార్శ్వాలు వెండిలాగా మెరుస్తాయి, పొట్ట అంచు రంపపు పళ్ళలాగా గరుకుగా ఉంటుంది, ఒంటినిండా సన్నని ముళ్ళు. ఆడచేప మగదానికంటె పెద్దది.

విలస సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మాత్రం మంచినీటికి వస్తుంది. వరదనీరు నదీముఖాలను దాటి సముద్రంలోకి చొచ్చుకొనిపోయినప్పుడు, తీరం దగ్గర ఉప్పదనం తగ్గి నీరు బురదరంగుకు తిరుగుతుంది. ఈ మార్పే చేపకు పిలుపు. గుంపులు కట్టి మొగలలో ప్రవేశించి, పాయలవెంట ఎగువకు సాగుతుంది. ఎగువన ఆడచేప గుడ్లను నీటిలోకి విడుస్తుంది, మగచేప వాటిని ఫలదీకరిస్తుంది. చేప పరిమాణాన్నిబట్టి గుడ్లు రెండు మూడు లక్షలనుండి ఇరవై లక్షలదాకా ఉండవచ్చు. సుమారు ఒక రోజులో పిల్లలు బయటపడతాయి. అవి నదిలోనే కొన్ని నెలలు మేసి, వేళ్ళంత పొడవు పెరిగి, ప్రవాహంతోపాటు సముద్రానికి దిగిపోతాయి. గుడ్లు పెట్టిన తల్లిచేప చనిపోదు. అది కూడా సముద్రానికి తిరిగిపోయి, బ్రతికి ఉంటే మరొకసారి ఏరు ఎక్కగలదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీని అవసరం ఉన్నది.

ఒక చేప నిజంగా నదిలో గడిపినదా, సముద్రంలోనే పట్టుబడినదా అని చెప్పగల సాక్షి దాని తలలోనే ఉన్నది. చేప చెవిలో సున్నపు పదార్థంతో ఏర్పడిన చిన్న రాయి ఒకటి ఉంటుంది. చెట్టు మానులో వలయాలలాగా ఆ రాయి పొర మీద పొరగా పెరుగుతుంది. సముద్రజలంలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, నదీజలంలో తక్కువ. చేప ఏ నీటిలో ఉన్నప్పుడు ఏర్పడిన పొరలో ఆ నీటి గుర్తు ఉండిపోతుంది. బంగ్లాదేశ్ హిల్సాలపై ఈ పరీక్ష చేసి అవి ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య చేసిన రాకపోకలను శాస్త్రజ్ఞులు చదవగలిగారు. ఒడిశానుండీ బెంగాల్‌నుండీ మంచుపెట్టెలలో వచ్చిన విలసలను పులసలని అమ్మడం మన బజారులలో ఉన్నదే. బేరగాని మాట ఎట్లా ఉన్నా చెవిరాయి అబద్ధమాడదు!

ఉప్పునీరు దాటడం అంత తేలిక కాదు

మామిడిముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది. ఎండుద్రాక్షను నీటిలో వేస్తే ఉబ్బుతుంది. పలుచని పొరకు ఒకవైపు ఉప్పుగాని చక్కెరగాని ఎక్కువగా ఉంటే, రెండవవైపునుండి నీరు అటు లాగబడుతుంది. దీనిని ద్రవాభిసరణం అంటారు. చేప మొప్పలు కూడా అట్టి పలుచని పొరలే.

లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. చేప రక్తంలో లవణం దానిలో మూడవవంతు మాత్రమే. అందుచేత సముద్రంలో ఉన్న చేప ఒంటిలోని నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. నీటిమధ్య ఉండి కూడా దానికి దాహమే! అది సముద్రజలాన్నే త్రాగి, అధికంగా చేరిన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాలద్వారా వెలికి నెట్టివేస్తుంది. నదిలో లవణం లీటరుకు అర గ్రామైనా ఉండదు. అక్కడ వ్యవహారం తలక్రిందులు. నీరు ఒంటిలోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. ఇప్పుడు చేప నీరు త్రాగడం మానాలి, మూత్రపిండాలు నీటిని తోడివేయాలి, మొప్పలు నదీజలంలో ఉన్న కొద్దిపాటి ఉప్పును లోపలికి గుంజుకోవాలి. అంటే ఉప్పును బయటికి తోడే యంత్రాన్ని లోపలికి తోడే యంత్రంగా మార్చాలన్నమాట. మొగ దగ్గర పోటుకూ పాటుకూ మధ్య కలిసీ కలియని నీటిలో గడిపే కాలం ఈ మార్పుకు ఉపకరిస్తుంది.

ఇంత పనికీ శక్తి కావాలి. ఏరు ఎక్కే పులస మేత దాదాపు తగ్గించివేస్తుంది. సముద్రంలో మేసి ఒంటిలో కూడబెట్టుకొన్న కొవ్వును కరిగించుకొంటూ ఎదురీదుతుంది. అందులో కొంత గుడ్లకు పోతుంది. మనం మెచ్చుకొనే పులస రుచికి ఆధారం ఆ కొవ్వే. అంటే మనం తినేది ఒక తల్లి తన దారిబత్తెంగా మూటగట్టుకొన్న సంబారాన్ని.

గాలానికి పడని చేప

బొచ్చెకు, కొర్రమేనుకు గాలం వేస్తారు. పులసకు వేయరు. కారణం దాని నోటిలో ఉన్నది. పులస మొప్పల లోపలివైపున సన్నని ముళ్ళు దువ్వెన పళ్ళలాగా వరుసగా ఉంటాయి. నోటినిండా నీరు పట్టి మొప్పలగుండా వదిలేటప్పుడు, కంటికి ఆనని నాచుకణాలు, సూక్ష్మప్రాణులు ఆ జల్లెడలో నిలిచిపోతాయి. ఇట్లా నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను ప్లవకాలంటారు. ప్లవకాలను వడగట్టి తినే చేప ఎరను కొరకదు. పైగా ఏరు ఎక్కేటప్పుడు దానికి మేత మీద ధ్యాసే తక్కువ. అందుచేత దానిని పట్టాలంటే అది పోయే దారికి అడ్డంగా ఏదైనా పెట్టవలసిందే.

విశేషమేమంటే కొకానీ సాల్మన్‌కు కూడా ఇట్లాంటి జల్లెడే ఉన్నది. అదీ ప్లవకాలనే తింటుంది. అయినా అమెరికాలో దానిని గాలంతోనే పడతారు. ఇది ఎట్లా సాధ్యమో తెలియాలంటే మొదట ఆ చేప ఎవరో తెలుసుకోవాలి.

సముద్రాన్ని మరచిన సాల్మన్

పసిఫిక్ సముద్రంలో సాకై అనే ఎర్ర సాల్మన్ ఉన్నది. శాస్త్రనామం ఆంకోరింకస్ నెర్కా. నదిలో పుట్టి, సరస్సులో ఒకటి రెండేళ్ళు పెరిగి, సముద్రానికి పోయి, పెద్దదై, పుట్టినచోటికే తిరిగివచ్చి, గుడ్లు పెట్టి చనిపోవడం దాని జీవితచక్రం. పూర్వమెప్పుడో కొన్ని సరస్సులలోని సాకై చేపలు సముద్రానికి పోవడం మానివేశాయి. కొన్నిచోట్ల దారి మూసుకొనిపోయింది. కొన్నిచోట్ల దారి ఉన్నా సరస్సు మేతతోనే సరిపెట్టుకొన్నాయి. అట్లా నిలిచిపోయిన సంతతే కొకానీ. ఈ పేరు అక్కడి ఆదివాసుల భాషలనుండి వచ్చింది; ఎర్రచేప అని అర్థం చెబుతారు. సాధారణంగా నాలుగవ ఏట వెండిరంగు పోయి ఒళ్ళంతా ఎర్రబడుతుంది. సరస్సులోకి వచ్చే వాగు ఎక్కి, గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెట్టి, మగదీ ఆడదీ కూడా చనిపోతాయి.

సముద్రపు మేత లేనందున కొకానీ సాకై అంత పెద్దది కాదు. చాలా సరస్సులలో ఒక అడుగు పొడవు, అర కిలో బరువు ఉంటే మంచి చేపే. గుడ్లు కూడా కొన్ని వందలనుండి ఒకటి రెండు వేలదాకా మాత్రమే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికాలోని వాషింగ్టన్, ఐడహో ప్రాంతాలలో ఇవి సహజంగా ఉన్నాయి. మరెన్నో సరస్సులలో, జలాశయాలలో పొదుగుడు కేంద్రాలలో పెంచిన పిల్లలను ఏటేటా వదులుతున్నారు.

నీటిలో అంతస్తులు

కొకానీకి చల్లని నీరు కావాలి. సుమారు 10 నుండి 13 సెంటీగ్రేడు డిగ్రీల నీటిలో అది హాయిగా ఉంటుంది. వేసవిలో లోతైన సరస్సును పరీక్షిస్తే నీరంతా ఒకే వేడిలో ఉండదు. ఎండకు కాగిన పైనీరు తేలిక గనుక పైనే నిలుస్తుంది. అడుగున చల్లని బరువైన నీరు ఉంటుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద అత్యధికం. ఈ రెండిటి మధ్య కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత తటాలున పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. దీనిని థర్మోక్లైన్ అంటారు. పైన వేడి మిక్కుటం, మరీ అడుగున మేత కొరత. అందుచేత కొకానీ గుంపులు వేసవిలో ఈ నడిమి పొర దగ్గరే తిరుగుతాయి. అది పది మీటర్ల లోతున ఉండవచ్చు, ముప్పై మీటర్ల లోతున ఉండవచ్చు. ఎండ ముదిరినకొద్దీ కిందికి దిగుతుంది.

చేప ఎంత లోతున ఉన్నదో చూడడానికి ధ్వనిని ఉపయోగిస్తారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది. పడవ అడుగునుండి పంపిన ధ్వని ముప్పై మీటర్ల లోతున ఉన్న చేపకు తగిలి తిరిగిరావడానికి పట్టేది సెకనులో ఇరవైఐదవ వంతు. చేప కడుపులోని గాలితిత్తి ధ్వనిని బాగా తిప్పికొడుతుంది గనుక, ఆ కాలాన్ని కొలిచి లోతును తెర మీద గుర్తుగా చూపడం పరికరానికి సులభం.

సీసపు గుండు చేసే పని

లోతు తెలిసింది. ఇప్పుడు గాలాన్ని సరిగా ఆ లోతున, కదులుతున్న పడవ వెనుక లాగాలి. ఇట్లా లాగి పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. పడవను గంటకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నెమ్మదిగా నడిచినట్లు నడుపుతారు. దారం చివర రంగురంగుల చిన్న ఎర, దానికి కొంచెం ముందు అటూ ఇటూ ఊగుతూ తళతళలాడే రేకు ఉంటాయి. ప్లవకాలను తినే కొకానీ ఈ ఎరను మేతగా భావించి పట్టుకొంటుందని చెప్పలేము. తన గుంపులో చొరబడి మెరుస్తూ కదిలే వస్తువుమీద చిరాకుపడి కరుస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు.

మామూలు దారాన్ని లాగితే నీటి తాకిడికి అది పైకి తేలిపోతుంది. దారానికే బరువు కట్టితే, చేప పడినప్పుడు ఆ బరువునుకూడా లాగాలి. కొకానీ నోరు చాలా మెత్తన గనుక చీలిపోయి చేప తప్పిపోతుంది. డౌన్‌రిగ్గర్ అనే సాధనం ఈ చిక్కును విడదీసింది. పడవ అంచున ఒక రాట్నం. దానిమీద సన్నని ఉక్కుతీగ. తీగ చివర రెండునుండి ఐదు కిలోల సీసపు గుండు. గాలపు దారాన్ని గుండు దగ్గర ఒక చిన్న పట్టకారుకు తగిలిస్తారు. రాట్నం తిప్పితే గుండు దిగుతుంది, దానితోపాటు దారమూ దిగుతుంది. ఎంత తీగ వదిలినదీ రాట్నంమీద అంకెలు చెబుతాయి. చేప కరవగానే దారం పట్టకారునుండి ఊడివస్తుంది. ఇక గుండు బరువుతో పనిలేదు. సన్నని కర్రతో మెల్లగా చేపను తెచ్చుకోవచ్చు.

అయితే అంకె చెప్పిందే లోతు కాదు. గుండునూ తీగనూ నీరు వెనుకకు నెడుతుంది. ఐదు కిలోల సీసం నీటిలో మునిగినప్పుడు సుమారు నాలుగున్నర కిలోలే తూగుతుంది. ఆ బరువు కిందికి లాగుతుంటే నీటి తాకిడి వెనుకకు లాగుతుంది. తీగ ఏటవాలుగా నిలుస్తుంది. ముప్పై మీటర్ల తీగ నిలువుకు 20 డిగ్రీలు వాలితే గుండు ఉన్న లోతు సుమారు 28 మీటర్లు. 30 డిగ్రీలు వాలితే 26 మీటర్లే. వేగం రెట్టింపైతే తాకిడి సుమారు నాలుగురెట్లవుతుంది. నడిమి పొర మందం కొద్ది మీటర్లే గనుక ఈ తేడా వస్తే ఎర చేపల తలమీదుగా పోతుంది. అందుకే అక్కడి పడవవాడు లోతును చూసినంత శ్రద్ధగా వేగాన్నీ చూస్తాడు.

గోదావరిలో వల

ఇప్పుడు మన ఏటికి వద్దాము. వరదకాలంలో గోదావరి సుడులు తిరుగుతూ కలిసిపోయే నీరు. దానిలో వేడి చల్లని అంతస్తులు నిలువవు. మొగ దగ్గర మాత్రం వేరే రకం అంతస్తులు ఉంటాయి. బరువైన ఉప్పునీరు అడుగున, తేలికైన మంచినీరు పైన. పోటుతో ఉప్పునీరు లోపలికి చొచ్చుకొనివస్తుంది, పాటుతో వెనుదీస్తుంది. గట్టి వరద వస్తే ఉప్పునీటిని సముద్రంలోకే నెట్టివేస్తుంది. మొగ దగ్గర వల వేసేవారు పోటుపాటుల వేళలను చూసుకొని కదలడానికి కారణం ఇదే.

పులసకు వేసే వల గోడవంటిది. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు గుండ్లు, మధ్య సన్నని నైలాను దారపు కన్నులు. బెండ్ల లేపుడు ఎక్కువైతే వల పైనీటిలో వ్రేలాడుతుంది. గుండ్ల బరువు ఎక్కువ చేసి, పైన కొద్ది పెద్ద తేలుడు బెండ్లకు తాళ్ళతో కట్టితే వల లోపలికి దిగుతుంది. ఆ తాళ్ళ పొడవే వల లోతు. డౌన్‌రిగ్గర్ తీగ పొడవు చేసే పనిని ఇక్కడ ఈ తాళ్ళు చేస్తాయి.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ట్రోలింగ్‌లో పడవ నీటిని కోసుకొంటూ చేపవెంట పోతుంది. గోదావరిలో వల ఏటికి అడ్డంగా విప్పి వదిలివేస్తారు. వల, పడవ, నీరు మూడూ కలిసి కిందికి సాగుతాయి. నీటితోపాటు పోయే వస్తువుకు నీటి తాకిడి ఉండదు. అందుచేత అంత ప్రవాహంలోనూ వల ఏటవాలు కాకుండా దాదాపు నిలువుగా వ్రేలాడుతుంది. చేప ఎగువకు వస్తుంటే వల దిగువకు పోతుంది. రెండూ ఎదురెదురుగా కలుసుకొంటాయి. వెదికే పని ఏరే చేసిపెడుతుందన్నమాట. ఎర్రనీటి మరుగున సన్నని దారాన్ని చేప చూడలేదు. తల కన్నులో దూరుతుంది, లావైన ఒళ్ళు దూరదు. వెనుకకు రాబోతే మొప్పల మూతలకు దారం తగులుకొంటుంది. కన్ను చిన్నదైతే తల దూరదు. పెద్దదైతే చేప దాటిపోతుంది. అంటే ఎంత చేపను పట్టాలో నిర్ణయించేది కన్ను కొలత. ఈ చిన్న సూత్రంలోనే పులసను కాపాడే ఉపాయం ఒకటి దాగి ఉన్నది.

ఆనకట్ట అడ్డు

సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువలు కోనసీమను పచ్చగా చేశాయి. ఆ స్థానంలో కట్టిన నేటి బ్యారేజి 1982 నాటికి సిద్ధమైంది. మనిషికి అన్నం పెట్టిన ఈ కట్ట చేపకు మాత్రం గోడ. దక్షిణదేశపు నదులపై కట్టిన ఆనకట్టలు ఏరు ఎక్కే చేపలకు అడ్డుగా ఉన్నాయని ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికలో ప్రభుత్వానికి విన్నవించాడు. గోదావరి పులస జీవితాన్ని గురించి చాకో, గణపతి 1949లో పరిశోధన వ్యాసం ప్రకటించారు.

చేప గేటుగుండా ఎందుకు దాటలేదో చిన్న లెక్క చెబుతుంది. గేటుకు ఎగువ దిగువలలో నీటిమట్టాల తేడా 3 మీటర్లు ఉంటే, గేటు కిందనుండి వచ్చే నీటి వేగం సెకనుకు సుమారు ఏడున్నర మీటర్లు. సాధారణంగా చేపలు క్షణకాలంపాటు, సెకనుకు తమ పొడవుకు పదిరెట్ల దూరం ఈదగలవని అంచనా. 40 సెంటీమీటర్ల పులసకు అది 4 మీటర్లు. అంటే మట్టాల తేడా 80 సెంటీమీటర్లు దాటితే పులస ఎంత పెనుగులాడినా ముందుకు పోలేదు. పెద్దవరదలో గేట్లన్నీ ఎత్తివేసి, ఎగువా దిగువా మట్టాలు దగ్గరపడినప్పుడే దానికి అవకాశం. మిగిలిన రోజులలో అవి కట్ట దిగువనే గుమిగూడతాయి; అక్కడ వలలు కాచుకొని ఉంటాయి.

సాల్మన్ నదులమీద కట్టలకు చేపలమెట్లు కట్టడం పాశ్చాత్యదేశాలలో పాత అలవాటు. ఎత్తునంతా ఒకేసారి దాటించకుండా, పావు మీటరు చొప్పున మెట్లుగా విడగొడితే ఒక్కొక్క మెట్టువద్ద నీటి వేగం సెకనుకు రెండుమీటర్ల పైచిలుకుకు తగ్గుతుంది. కాని సాల్మన్ దూకగలదు, పులస దూకదు. కనుక సాల్మన్ మెట్లను తెచ్చి ఇక్కడ పెట్టితే చాలదు. వెడల్పైన, సుడులు తక్కువైన, ఈదుతూనే దాటగలిగిన దారి కావాలి.

పులస కొకానీ కాగలదా?

సాల్మన్ సరస్సులో స్థిరపడినట్లు పులస మంచినీటిలో స్థిరపడలేదా అని పాఠకులకు తోచవచ్చు. గుజరాత్‌లో తపతి నదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయంలో, సముద్రంతో సంబంధం తెగిన హిల్సా సంతతి బ్రతికి ఉన్నట్లు మన మత్స్యశాస్త్రజ్ఞులు గమనించారు. కాబట్టి అది అసాధ్యం కాదు. కాని ఒక జలాశయంలో జరిగినది గోదావరిలో దానంతట అది జరుగుతుందని ఆశపడి కూర్చోలేము.

సరస్సులో స్థిరపడిన చేప బ్రతుకుకూ భరోసా లేదు. అమెరికాలోని ఫ్లాట్‌హెడ్ సరస్సులో 1916లో కొకానీని వదిలారు. అది బాగా వృద్ధి చెందింది. 1968 నుండి 1976 వరకు ఆ ఎగువ సరస్సులలో మైసిస్ అనే రొయ్యవంటి చిన్నప్రాణిని, చేపలకు మేత అవుతుందని వదిలారు. అది కొట్టుకొనివచ్చి ఫ్లాట్‌హెడ్‌లో చేరింది. పగలు అడుగున దాగి, రాత్రివేళ పైకి వచ్చే ఈ ప్రాణి, పగలు నడిమి పొరలో మేసే కొకానీకి చిక్కలేదు; చిక్కకపోగా కొకానీ తినే ప్లవకాలను తానే తినివేసింది. 1980 దశకం చివరికి అక్కడ కొకానీ దాదాపు లేకుండాపోయింది. దానిని తిని బ్రతికే గద్దలు కూడా ఆ వాగులు విడిచిపోయాయి. మేలు చేయబోయి చేసిన కీడు ఇది. ఏ పొరలో ఎవరు, ఏ వేళ మేస్తారో చూడకపోవడమే దీనికి కారణం.

మన చేతిలో ఉన్నది

కొకానీని పట్టేవానికి వెనుక పొదుగుడు కేంద్రం ఉన్నది. పట్టినన్ని పిల్లలను మళ్ళీ వదలగలరు. పులసకు ఆ ఆధారం ఇంకా గట్టిపడలేదు. కొళ్ళిడం నదిపై కింది ఆనకట్ట వద్ద మద్రాసు మత్స్యశాఖవారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏళ్ళలోనే హిల్సా గుడ్లను చేతితో ఫలదీకరించి పొదిగించారు. సుందరరాజ్ 1917లో ఆ కృషిని వివరంగా ప్రకటించాడు. గుడ్లు పొదగడం కష్టం కాదు, తల్లిచేపను బ్రతికించి ఉంచడం కష్టం. ముట్టుకొంటే పొలుసులు రాలి, నీటినుండి తీసిన కొద్దిసేపటికే చనిపోయే చేప ఇది.

అందుచేత ఏటిలో ఉన్నదానిని కాపాడుకోవడమే నేటికి దగ్గరదారి. ఒక తల్లి పది లక్షల గుడ్లు పెట్టిందనుకొందాము. వాటిలో రెండు పెరిగి పెద్దవై ఏరు ఎక్కితే చాలు, సంఖ్య తగ్గదు. కాని గుడ్లు పెట్టకముందే తల్లి వలలో పడితే ఆ రెండూ కూడా లేవు. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యంత్రపు పడవల వేటకు విరామం ఉన్నది. పులస ఏరు ఎక్కేది ఆ తరువాత. కనుక ఆ విరామం దానిని కాపాడదు.

బంగ్లాదేశ్ చేసినది చూడదగినది. అక్కడ గుడ్లు పెట్టే కాలంలో, అక్టోబరు ప్రాంతాన, 22 రోజులు హిల్సా వేటను ఆపుతారు. నవంబరు నుండి జూన్ వరకు 25 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లచేపలను పట్టనివ్వరు. ఆ రోజులలో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. పిల్లలు పెరిగే నదీభాగాలను రక్షితస్థలాలుగా ఏర్పరచారు. 2002–03లో సుమారు 2 లక్షల టన్నులున్న హిల్సా పట్టుబడి 2017–18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. పెరుగుదల అంతా వీటివల్లనే అనకపోయినా, విరామం చేపకు మేలు చేసిందనడంలో సందేహం లేదు.

గోదావరికి ఈ పద్ధతిని మన కాలానికి తగినట్లు మలచుకోవాలి. వల కన్ను పెద్దదిగా ఉంచితే పిల్లచేపలు దాటిపోతాయి. గుడ్లు పెట్టి దిగువకు పోయే బక్కచేపను వదిలివేస్తే అది సముద్రంలో బలిసి మళ్ళీ వస్తుంది. సాల్మన్‌కు లేని ఈ అదృష్టం పులసకు ఉన్నది. వరద నడిమిలో కొద్దిరోజులైనా బ్యారేజి దిగువన వలలు ఆపి, ఆ రోజుల కూలిని జాలరికి చెల్లిస్తే తల్లిచేపలు గుడ్లు పెట్టుకోగలవు. వేల రూపాయల ధర పలికే చేపకు ఈ మాత్రం ఖర్చు ఎక్కువేమీ కాదు. ఏ మబ్బుకు, ఏ నీటికి, ఏ పాయలో పులస ఎక్కుతుందో ఎక్కువ తెలిసినవారు ఆ జాలరులే. వారు ప్రతి ఏడూ తాము పట్టినచోటును, తేదీని, చేప కొలతను వ్రాసిపెట్టగలిగితే, ఎన్ని రోజులు, ఎక్కడ ఆపాలో నిర్ణయించడానికి అంతకంటె మంచి ఆధారం ఉండదు.